గలగరను పెఱికివేయువారికి

మా షాద్‌నగరమున ఈ పదునేనేండ్లలో లేచిన క్రొత్త యిండ్ల ముంగిళ్లు రెండు తెఱగులుగా నున్నవి. మొదటి తెఱగువారు గోడ మొదలు గోడవఱకు సిమెంటు పోయించి, దానిపై బండలు పఱపించి, వాన పడినపుడు చుక్కయైనను నిలువక వీథిలోనికి పోవునట్లు వాలు పెట్టించి, “ఇప్పుడు శుభ్రముగా నున్నది” అని ఊపిరి పీల్చుకొందురు. రెండవ తెఱగువారు తోటలయందు అభిరుచి గలవారు; చదువుకొన్నవారు; సభలయందు పర్యావరణమును గూర్చి ప్రసంగింపగలవారు. వీరు రహదారి ప్రక్కనున్న నర్సరీలనుండి పచ్చికచాపలను చదరపుటడుగుల లెక్కను గొనితెచ్చి పఱపింతురు. చాప పట్టని నీడపట్టున నిగనిగలాడు ఆకులును పసుపుపచ్చని పూలును గల యొక తీగను నాటింతురు. మొదటి తెఱగువారితో మాకు నేడు వాదము లేదు. వారితో వారి బోరుబావియే యొకనాడు మాటలాడును. మా తగవు రెండవవారితో. ఏలయన వారు మావారు. ఈ పత్రికను చదువువారు. చెప్పిన విందురను ఆశ గొలుపువారు.

గడచిన వానకాలమున మా వీథిలో నొక గృహస్థు ముంగిటి పనికి ఒక ముసలమ్మను పిలిపించెను. ఆ యింట స్నానపుగది వెనుక, నీరు జాఱు చోట, గుంటగలగర తనంతట తాను మొలచి, రెండుమూరల మేర కమ్ముకొని, చిన్నచిన్న తెల్లని పూలతో నుండెను. దానిని పెఱికి ఆ చోట కొనితెచ్చిన తీగను నాటుమని ఆయన యాజ్ఞ. ఆమె నాలుగు మొక్కలు పెఱికి, ఆగి, గోడ కీవల నిలిచియున్న మమ్ము జూచి, “గిది గలగరాకు గద సారూ, నెత్తికి పెట్టుకునేది. దీన్ని పీకి గా తీగ ఎందుకు పెట్టిస్తున్నరు?” అని యడిగెను. ఇరువదియేండ్లుగా పిల్లలను ప్రశ్నలడుగుటయే వృత్తిగా గల మాకు ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు. “పూలు పెద్దగుంటయని, అవ్వా” అని యేదో యంటిమి. ఆమె నవ్వి, పెఱికిన మొక్కలను పాఱవేయక కొంగున మూటగట్టుకొని పోయెను. అప్పటినుండి ఆ నవ్వు మమ్ము వదలలేదు.

ఆ మొక్క యేదో ముందు చెప్పవలెను. మనవారు గుంటగలగర, గలగరాకు అని పిలుచునది సంస్కృతమున భృంగరాజము. అమరకోశము దీనికి మార్కవమను పేరునుగూడ నిచ్చినది. ఇది చామంతి కుటుంబములోనిది. మనము పువ్వనుకొనునది నిజమునకు ఒక పువ్వు కాదు. నడుమ చిఱుపూలు అనేకములు బొత్తామువలె గుమిగూడి, చుట్టును రేకులవంటి మఱికొన్ని పూలు వరుసదీరిన యొక చిన్న సంఘము. తమ పచ్చికబయళ్లలోని యిట్టి పూవును ఇంగ్లీషువారు డెయిసీ యందురు. అది ప్రొద్దున విచ్చి సాయంకాలము ముడుచుకొనును గనుక, దినపు కన్ను అను అర్థమున ఆ పేరు పుట్టినది. మేము తరగతిలో ఇంగ్లీషు పాఠము చెప్పునపుడు ఆ పూవును ఎన్నోమాఱులు వర్ణించితిమి. పిల్లలు నోరు తెఱచి వినిరి. దాని జ్ఞాతి తమ బడికుళాయి క్రింద బురదలో నున్నదని చెప్పవలెనని మాకు తోచనేలేదు. ఇందు మా తప్పు గలదు, ఒప్పుకొనుచున్నాము.

గలగరలో జనులెఱిగినవి రెండు. తెల్లపూలది మా ప్రాంతమున హెచ్చు. అది లేచి, పూచి, గింజ రాల్చి యెండిపోవునది; నేలను ఏడాది పొడవున కప్పియుంచు పనికి చాలదు. రెండవది పసుపుపచ్చని పూలది. వైద్యులు పీతభృంగరాజమందురు, మనము పచ్చగలగర యందము. వృక్షశాస్త్రము దీనిని వేఱు ప్రజాతిగా నెంచినను, నాటువైద్యులును ఇల్లాండ్రును రెంటిని అక్కచెల్లెండ్రుగనే చూచిరి. తమిళులు దీనిని మంజళ్ కరిసలాంగణ్ణి యని పిలిచి ఆకుకూరగా వండుకొందురు. హిందూదేశము మొదలు చైనా, జపాను దేశములవఱకు తడినేలలయందును కాలువల యొడ్డునను ఇది స్వభావసిద్ధముగా పెరుగును. నేలబాఱి, కణుపుకణుపున వేరు దన్ని, జానెడెత్తున చాపవలె పఱచుకొనును. ఆకు కోలగా, గరుకుగా నుండును. పూవు రూపాయిబిళ్లంత, పొడవైన కాడమీద ఒక్కొక్కటిగా నిలుచును. 1956వ సంవత్సరమున మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో గోవిందాచారి మొదలగు రసాయనశాస్త్రజ్ఞులు ఈ మొక్కలోని యొక పదార్థపు నిర్మాణమును తేల్చి ప్రకటించిరి. మొక్కకు ఆనాడున్న శాస్త్రీయనామమును బట్టి ఆ పదార్థమునకు వెడెలోలాక్టోనను పేరు నిలిచినది. ఆ శాస్త్రీయనామము వెడీలియా. అది 17వ శతాబ్దమున జర్మనీదేశమున నుండిన వెడెలు అను వైద్యాచార్యుని పేరు. ఆ మహానుభావుడు మన గలగరను ఎన్నడైన చూచెనో లేదో గాని, దానికి తండ్రిపేరు మాత్రము ఆయనదే యయ్యెను.

చిక్కంతయు ఈ పేరుననే వచ్చినది. నర్సరీలో “వెడీలియా కావలెను” అని యడిగినచో వారు తెచ్చియిచ్చునది మన పచ్చగలగర కాదు. అది మధ్య అమెరికా, వెస్టిండీసు దీవులు, దక్షిణ అమెరికా ఉష్ణప్రాంతములనుండి వచ్చిన వేఱొక జాతి. అంగడివాడు అబద్ధమాడుట లేదు. పాత లెక్కను రెంటికిని పేరొకటే. ఆకును చూచినచో తెలియును. విదేశపు తీగ ఆకు దళసరిగా, నిగనిగలాడుచు, ప్రక్కలకు చీలి మూడు మొనలతో నుండును. పూవు మనదానికంటె పెద్దది. ముసలమ్మ ప్రశ్నకు మేమిచ్చిన జవాబు అంతమాత్రము నిజమే: పూలు పెద్దగానే యుండును.

కాని ఆ తీగ నడవడి యేమి? ప్రకృతి పరిరక్షణకై యేర్పడిన అంతర్జాతీయ సంఘమువారు లోకమున మిక్కిలి చెఱుపు చేయు నూఱు ఆక్రమణజాతుల పట్టికను ప్రకటించిరి. అందు ఈ తీగ పేరు గలదు. పసిఫికు దీవులలోను, ఆస్ట్రేలియాలోని క్వీన్సులాండులోను, దక్షిణచైనాలోను, మన కేరళములోను తోటగోడలు దాటి కాలువగట్లను కమ్ముకొన్నది. ఒక తుంపు తెగి తడిమన్నున పడినచో అదియే మొక్క. అది దట్టముగా కమ్మిన చోట క్రింద వేఱొక మొలక వెలుగు చూడదు. దానినుండి దిగు రసములు ఇతర విత్తుల మొలకను అడ్డగించునని శాస్త్రజ్ఞులు పరీక్షించి చెప్పిరి. మా వీథిలోనే మాలి కత్తిరించిన కొమ్మలను మురుగుకాలువ గట్టున వేసెను. ఒక్క వానకాలము గడచునప్పటికి అచ్చట గరిక లేదు, గలగర లేదు. తీగ యొక్కటే మూడంకణముల మేర నవ్వుచున్నది. ఆ కాలువ కుంటలోనికి పోవును. మిగిలిన కథను చదువరులు ఊహించుకొందురు గాక.

ఇచ్చట మా మిత్రుడొకడు అడ్డు తగిలి, “సారూ, మీరు మొక్కలకుగూడ కులగోత్రములు విచారింప మొదలుపెట్టితిరా? సంస్కర్తలనుకొంటిమే!” అని యెత్తిపొడిచెను. ఎత్తిపొడుపు మంచిదే, జవాబు చెప్పవలసినదే. మేము పుట్టుకను బట్టి యెవరిని వెలివేయుట లేదు. మన మిరప అమెరికానుండి వచ్చినది. వేరుసెనగ యట్లే. బతుకమ్మలో తంగేడు ప్రక్కన పేర్చు బంతిపూవు మెక్సికోదేశపుది. పలకాకు అని పేరొంది, చిన్ననాడు మేము బలపపు గీతలు తుడిచిన గడ్డిచామంతియు, పొలములో కొడవలి తెగినపుడు నేటికిని పిండి పట్టించు ఆ యాకును, అమెరికాదే. వీనిలో ఏదియు మాకు పరాయిది గాదు. బంతిని నాటిన చోట బంతి యుండును; మిరప మడి దాటి పోదు. విచారింపవలసినది పుట్టుక కాదు, నడవడి. వయ్యారిభామను చూడుడు: 1955 ప్రాంతమున పూనాలో కంటబడినది, నేడు దేశమున అది లేని జిల్లా యేది? దాని పుప్పొడికి దగ్గును ఉబ్బసమును పడువారు, పెఱికి చేతులు పొక్కినవారు మా తాలూకాలో లెక్కకు మిక్కిలి. దానిని తినుటకై మెక్సికోనుండి ఒక పురుగును తెచ్చి 1984లో బెంగుళూరున విడిచిరి. పురుగు తినుచునే యున్నది, భామ పెరుగుచునే యున్నది. అదియు చామంతి కుటుంబములోనిదే. ఒక కుటుంబములో పుట్టిన వారందఱు ఒక్క తీరున నుండరనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? వయ్యారిభామను ఎవరును కోరి తేలేదు. వెడీలియాను మనము డబ్బిచ్చి తెచ్చుచున్నాము.

ఇంక పచ్చికచాప మాట. దీనిని గూర్చి కొంచెము విస్తరముగా చెప్పవలసియున్నది. ఏలయన ఇందు మొక్కల సంగతికంటె మనుష్యుల సంగతి హెచ్చు.

మా ఊరు 2016లో జిల్లాలు విభజింపబడునందాక మహబూబునగరములోనిది, నేడు రంగారెడ్డిలోనిది. కాగితముమీద జిల్లా మాఱినను క్రింద రాయి మాఱలేదు. ఇది నల్లరాతి మెట్టసీమ. పైన ఎఱ్ఱచెలక, దానిక్రింద మురుగిన రాతిపొర, దానిక్రింద గట్టి రాయి. నీరు నిలుచునది ఆ మురుగుపొరలోను, రాతి పగుళ్లలోను మాత్రమే. ఉమ్మడి మహబూబునగరము జిల్లాకు సాలీనా వర్షపాతము 600 మిల్లీమీటర్ల ప్రాంతము. అదియు ముప్పాతిక వంతు నాలుగు నెలలలో కురియును. పాలమూరు కూలీ యనుపేరు దేశదేశముల ఆనకట్టల పనులలో వ్యాపించినది ఈ నేలలో నీరు లేకపోవుటచేతనే గదా! ఇట్టి సీమలో నూఱు గజముల పచ్చికను మే నెలలో పచ్చగా నుంచుటకు ఎంత నీరు పట్టును? ఎండకు దినమునకు అయిదు మిల్లీమీటర్ల నీరు ఆవిరియగునని తక్కువగా వేసికొన్నను, నూఱు చదరపు గజములకు నన్నూటయిరువది లీటర్లు. పదునైదు లీటర్ల బిందెలు ఇరువదియెనిమిది. ప్రతిదినము. వేసవి యంతయు. మేమీ లెక్కను తొమ్మిదవ తరగతి పిల్లలచే వేయించితిమి. వెనుక బల్లనుండి ఒక బాలిక లేచి, “సార్, మా యింట్ల ఐదుగురం. మాకు గన్ని బిందెలు రావు” అనెను. దానిని మేము కొట్టివేయలేదు, బోర్డుమీదనే యుంచితిమి.

ఆ నీటిని గృహస్థు మోయడు. మోటారు మోయుననుకొనును. మోటారెండిననాడు ట్యాంకరు వచ్చును. ట్యాంకరు నీరు ఊరి వెలుపల రైతు బోరునుండి వచ్చును. ఆ రైతు ఇల్లాలు బిందె పట్టుకొని చేతిపంపు కడ నిలుచును. స్త్రీల కష్టములను గూర్చి సభలో పలికి ఇంటికి వచ్చి పచ్చికకు గొట్టము విడుచు సోదరుడు ఈ గొలుసుకట్టును ఒక్కమాఱైన తలచునా? 2002లో నీరు, నేల, చెట్టు అను మూటికిని కలిపి వాల్టా యను చట్టము చేసిరి. బావుల లోతుకును దూరమునకును నియమములు గలవు. పచ్చికచాపకు నియమము లేదు. ఉండవలెనని మేమనము, ఇంటి ముంగిటికి పోలీసును పిలుచుట మాకిష్టము లేదు. బుద్ధి చాలును.

“అట్లయిన మీ గలగరకు నీరు వలదా?” అని యడుగుదురు. వలయును. ఇందు మేము దాచునది లేదు. ఈ మొక్కను పొగడువారు కొందఱు దీనిని ఎండకు వెఱవని మొక్కయని చెప్పుట వినియున్నాము, అది నిజము కాదు. దీని పేరులోనే గుంట యున్నది. ఎఱ్ఱచెలకలో నడియెండను నాటినచో ఏప్రిల్ రాకమునుపే సొమ్మసిల్లును. మేమును మొదటియేడు ముంగిలి యంతట నాటి, సగము పోగొట్టుకొని, ఇరుగుపొరుగువారికి నవ్వుబాటైతిమి. ఆ నష్టమున తెలిసినది యొక్కటి. పచ్చికచాప పెట్టువాడు ముందు నేలను కొలిచి, దానికి తగిన నీటికై వెదకును. గలగర పెట్టువాడు ముందు నీటిని కొలువవలెను. ఇంట బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు, స్నానపు నీరు, తులసికోట కడ పోయు నీరు, కుళాయి క్రింద కాఱు నీరు: ఇవి యెంత మేర నేలను తడిపి యుంచునో అంత మేరయే గలగరకు చోటు. మా యింట అది నలువది చదరపు గజములు తేలినది. ఉన్న నీరే గాని క్రొత్త బిందె యొక్కటియు లేదు. అంతకుముందు ఆ నీరు బురదయై, దోమలకు నిలయమై, మురుగుకాలువ పాలగుచుండెను. బట్టల సబ్బు నీరు మాత్రము పోయరాదు. పోసి చూచితిమి, ఆకు అంచులు మాడినవి.

మిగిలిన ముంగిలి? దానిని ఖాళీగా నుండనిండు. మట్టినేలకు అలుకు, దానిపై ముగ్గు, మన కేమి తక్కువ చేసినవి? ఒక ప్రక్క గరిక తనంతట వచ్చును. ఎండకాలమున అది యెండును, తొలకరికి లేచును. ఏడాది పన్నెండు నెలలును ముంగిలి పచ్చగా నుండితీరవలెనను పట్టుదల ఏ మంచుదేశపు బొమ్మలనుండి వచ్చినదో గాని, ఎనిమిది నెలలు వానలేని సీమకది యతకదు.

పాముల మాట యెత్తనివారు లేరు. జానెడెత్తు మొక్కలో పాము దాగినచో కనబడును. కట్టెలమోపు క్రింద, ఇటికల కుప్ప క్రింద దాగినది కనబడదు. ఆ కుప్పలను తీయింపక గలగరను నిందించుట న్యాయమా? ఇక “కలుపు మొక్క గదా, నలుగురు నవ్వుదురు” అనుట. ఈ మాట తెలంగాణము వాడు పలుకదగునా? ఏటేట తంగేడును గునుగును తెచ్చి, పేర్చి, చుట్టును తిరిగి పాడు జాతి మనది. గునుగు జొన్నచేలలో కలుపు గదా! 2014లో బతుకమ్మను రాష్ట్రపు పండుగ చేసికొన్నాము. నేడు అదే గునుగును మా యూరి సంతలో కట్టలు గట్టి యమ్ముచున్నారు. ఏలయన అది మొలచు చేలన్నియు ప్లాట్లయినవి. కేరళీయులు కర్కాటకమాసమున దశపుష్పములని పది చిన్నమొక్కలను పూజించి తలలో ధరింతురు. ఆ పదింట గుంటగలగర యొకటి, సహదేవి యొకటి, గరిక యొకటి. వానిని వారు కొనితెచ్చుట లేదు, పెరటిలో ఏరుకొందురు. మన యిల్లాండ్రును నిన్నమొన్నటివఱకు గలగరరసమున గుడ్డను ముంచి యారబెట్టి, వత్తిచేసి, ఆముదపు దీపమున కాటుక పట్టిరి. ఆ రసముచే జుట్టు నల్లబడునో లేదో వైద్యులు తేల్చుదురు గాక; మేము వైద్యులము కాము. కాని పెరటిలో గలగరను పెఱికించి, అదే దినమున అంగడిలో భృంగరాజతైలపు సీసాను వందలు పోసి కొనిన ఇండ్లను మేమెఱుగుదుము. సీసాపైన ఆ మొక్క బొమ్మయే యున్నది. ముసలమ్మ నవ్వినది ఇందుకేమో.

మా ఊరి పేరు ఒక కవి కలంపేరు. నిజాము కొలువున ప్రధానియైన మహారాజా కిషన్ పర్షాదు షాద్ అను పేర కవిత్వము చెప్పెను. ఆ మాటకు సంతోషమని యర్థము. సంతోషనగరములో తూనీగ వ్రాలుటకు తావులేని ముంగిళ్లు పెరుగుచున్నవి. పచ్చగలగర పూచిన తావున ఉదయము చిన్న తేనెటీగలును సీతాకోకచిలుకలును ముసరుట మేము చూచుచున్నాము. చాపపచ్చికపై, పూవురాకముందే కత్తిరింతురు గనుక, వ్రాలుట కేమియు లేదు.

నాటగోరువారికి రెండు మాటలు. మా వైపు పచ్చగలగర అరుదు. మాకొక మిత్రుని పెరటినుండి దొరకినది. కాలువగట్టున దొరకినను అంతయు పెఱికి తేరాదు. నాలుగు కొమ్మలు చాలును. ఆకు మూడుమొనలైనచో విడిచిపెట్టుడు. మూడునాలుగు కణుపులు గల కొమ్మలను ఆరుద్రకార్తెలో, చెఱువుమట్టి కలిపిన నేలయందు, జానెడు దూరమున పరుండబెట్టి, రెండు కణుపులు మన్నున కప్పవలెను. సాయంకాలపు నీడ గల చోటు మేలు. వానలు వెనుదీయునప్పటికి నేల కనబడదు. ఏటికి రెండుమాఱులు కత్తెర వేయవలెను. పిల్లలు ఆడు తావున వేయరాదు. అది త్రొక్కుడును ఓర్వదు, పిల్లలును ఆటను మానరు, మానరాదు.

ఈ యేటి ఆరుద్రలో మా పెరటి కొమ్మలు పదునొకండు ఇండ్లకు పోయినవి. అందు నాలుగు సిమెంటు ముంగిళ్లవారు కుళాయి చుట్టును బండలు తీయించి నాటుకొనిరి, ఇది మేమెదురుచూడలేదు. ముసలమ్మ వచ్చి ఒక మోపెడు కత్తిరించుకొని పోయినది. తీగను నాటించిన గృహస్థు మాత్రము ఇంకను రాలేదు. మా పచ్చగలగర ఆయన గోడ మొదటివఱకు ప్రాకి, తడి లేనందున, అచ్చట ఆగియున్నది. ఆవలినుండి ఆయన తీగ గోడమీదికి ఎక్కినది. ఆదివారమునాడు కత్తెర తీసికొని ఆయన తలుపు తట్టవలెననుకొనుచున్నాము.